నాలుగు సెంటీమీటర్ల తేడా

మార్చి 3, సోమవారం

పాత ఆర్డర్ బుక్కులో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. వాటిలో రాస్తున్నాను. ముందు పేజీల్లో ఊళ్లోవాళ్ల నడుములూ భుజాలూ, వెనక నా గోడు. ఎవరూ చదవరు కాబట్టి ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు.

ఈ రోజు నా టైలరింగ్ షాపు మూసేసి మునిసిపల్ ఆఫీసుకి వెళ్లాను. టోకెన్ నంబర్ నలభై ఒకటి. పన్నెండున్నరకి నా వంతు వచ్చింది. కౌంటర్లో కూర్చున్నావిడ కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని ఏం కడతారు అంది. పెరట్లో ఒక గది, దానికో బాత్రూం అన్నాను. ఇల్లు ఎవరి పేరు మీద అంది. మా ఆయన పేరు మీద అన్నాను. మరి ఆయన రాలేదేం అంది. ఆయన రాగలిగితే ఈ గదే అక్కర్లేదమ్మా అన్నాను. అప్పుడు తలెత్తి చూసింది. ఫారం ఇచ్చి, ఏది తెచ్చినా రెండు కాపీలు తెమ్మంది.

మా ఆయన లిఫ్ట్ మెకానిక్. ఊళ్లో ఉన్న పద్నాలుగు లిఫ్టులూ ఆయన చేతి మీదే నడిచాయి. ఏడు నెలల క్రితం స్ట్రోక్ వచ్చింది. ఎడమ కాలు, ఎడమ చెయ్యి మొరాయించాయి, మాట కూడా తడబడుతోంది. మా కాపురం పైన, షాపు కింద, షాపు వెనక పెరడు. మధ్యలో పదహారు మెట్లు, రెండు మలుపులు. దిగేటప్పుడు రెయిలింగ్ ఎడమవైపు వస్తుంది. కుడివైపు ఇంకోటి బిగిద్దామంటే మనిషి పట్టేంత దారి మిగలదు. ఊరందరినీ ఎక్కించి దించిన మనిషికి సొంత ఇంట్లో ఈ గతి.

ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు పక్క వెల్డింగ్ షాపు అన్నదమ్ములిద్దరూ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశారు. మలుపు దగ్గర గోడకి గుద్దుకున్నారు. వీధిలో జనం ఆగి చూశారు. ఆ రోజే అన్నాడు, ఇంకెప్పుడూ నన్ను బీరువాలా మోయొద్దని. అంతే. అప్పటినుంచి దిగలేదు. పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనే రకం.

కాలికి కసరత్తు చేయించే ఫిజియో మొన్న నన్ను మెట్ల దగ్గరికి పిలిచి చెప్పాడు. పైన మంచానికీ కుర్చీకీ మధ్య నాలుగడుగులు వేస్తే చాలదు, నేల మీద చదునుగా రోజూ నడవాలి, ఇంకో మూడు నెలలు ఇలాగే గడిస్తే ఆ కాలు ఇక ఇంతే అన్నాడు. అందుకే కింద గది. అందుకే ఈ ఫారం.

మార్చి 4, మంగళవారం

జిరాక్స్ షాపులో కరెంటు లేదు.

మార్చి 9, ఆదివారం

ప్లాన్ గీసే మాస్టారు వచ్చి స్థలం కొలుచుకుంటానన్నారు. ఎప్పుడంటే వచ్చే వారం అన్నారు. నాకు ఆగే ఓపిక లేదు. ఇరవై రెండేళ్లుగా కొలవడమే నా పని, మెడలో టేపు లేకపోతే ఏదో మర్చిపోయి బయటికొచ్చినట్టుంటుంది. నేనే కొలిచి ఇస్తానన్నాను. మీరు టైలరు కదా, మీకంటే కరెక్టుగా ఎవరు కొలుస్తారు అని ఆయన కూడా సంతోషించారు.

పొద్దున్నే సుద్దముక్క పట్టుకుని పెరట్లో దిగాను. ఒక టేపు పొడవు, గీత. ఇంకో టేపు పొడవు, గీత. పైన కిటికీలోంచి మా ఆయన సలహాలు. టేపు లూజుగా పట్టుకున్నావ్ అన్నాడు. మీరు లిఫ్టులు బాగుచేసేటప్పుడు నేనొచ్చి చెప్పానా అన్నాను. మా ప్రహరీ నుంచి అటువైపు గోడ దాకా మూడు మీటర్ల ఎనభై ఆరు. నాలుగుసార్లు కొలిచాను. నాలుగుసార్లూ అంతే.

ఆ అటువైపు గోడకి అవతల ఆయన అక్క ఇల్లు. వదినకీ ఈయనకీ పదకొండేళ్లుగా మాటల్లేవు. ఇప్పుడు ఆ కథ రాయాలని లేదు.

మార్చి 12, బుధవారం

రాయక తప్పేలా లేదు.

మాస్టారు నా కొలతలు చూసి పెన్సిలుతో నుదురు గోక్కున్నారు. గదికీ పక్కవాళ్ల హద్దుకీ మధ్య మీటరు ఖాళీ వదలాలట. సెట్‌బ్యాక్ అంటారట. కుట్టు లోపల వదిలే మార్జిన్ లాంటిదన్నమాట. గది ఇంతకంటే చిన్నదైతే రూల్ ఒప్పుకోదు, చక్రాల కుర్చీ కూడా తిరగదు. గది, ఖాళీ కలిపితే మూడు తొంభై కావాలి. ఉన్నది మూడు ఎనభై ఆరు. నాలుగు సెంటీమీటర్లు తక్కువ. బొటనవేలంత!

దారి ఒక్కటే ఉందన్నారు మాస్టారు. పక్క ఇంటివాళ్లు మాకు అభ్యంతరం లేదని సంతకం పెట్టి ఇస్తే ఆఫీసు ఒప్పుకుంటుందట. పక్కనే కదా, అదెంత పని అన్నారు.

పదకొండేళ్ల క్రితం అది గోడ లేని పెరడు. వదిన ఇంటి నీళ్లు మావైపు పారేవి. దాని మీద అక్కాతమ్ముళ్లకి రోజూ వాదన. ఆయన ఎడ్డెమంటే ఆవిడ తెడ్డెం. వదిన పోస్టాఫీసులో చేసేది. కూతురి పురిటికని నెల సెలవు పెట్టి వెళ్తూ, వచ్చాక కూర్చుని మాట్లాడుకుందాం అంది. ఈయన ఆగలేదు. మేస్త్రీని పిలిచి రెండు రోజుల్లో గోడ లేపించాడు, అదీ మనిషికంటే ఎత్తు. వదిన సూట్‌కేసుతో వచ్చి గోడ చూసింది. గోడ కట్టుకున్నావుగా, ఇక దానితోనే మాట్లాడుకో అంది. ఆ మాట మీదే ఉంది. నీళ్ల విషయంలో న్యాయం ఈయనదే. గోడ విషయంలో మాత్రం కాదు. ఈ మాట అప్పుడే అనాల్సింది. నేను అనలేదు.

సాయంత్రం విషయం చెప్పాను. వద్దు అన్నాడు. అడక్కు అన్నాడు. గది లేకపోతే లేదు, నాకేం తొందర లేదు అన్నాడు. మీకు లేదు, మీ కాలికి ఉంది అన్నాను.

మార్చి 13, గురువారం

ఇద్దరం మాట్లాడుకోలేదు. ఇంటికో గోడ సరిపోదా.

మార్చి 18, మంగళవారం, మధ్యాహ్నం 3

వెళ్లాను. ఆయనకి చెప్పలేదు.

పెరట్లోంచి అయితే పది అడుగులు. వీధి చుట్టూ తిరిగి వెళ్తే ఏడు నిమిషాలు పట్టింది. వదిన తలుపు తీసి, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసి, లోపలికి రమ్మంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. గోడవతల నుంచి దగ్గూ తుమ్మూ వినడమే కానీ తెల్ల జుట్టు ఎక్కడ వినిపిస్తుంది. టేబుల్ మీద ఉత్తరాలు సైజుల వారీగా పేర్చి ఉన్నాయి. రిటైరై ఆరేళ్లయినా పోస్టాఫీసు చెయ్యి పోలేదు.

సంతకం పెట్టాల్సిన కాగితం ఇచ్చాను. మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివింది. వెనక్కి తిప్పి ఖాళీ వైపు కూడా చూసింది. తర్వాత ఒక్కటే అడిగింది. వాడు పంపాడా అంది.

నేను నీళ్లు నమిలాను. తర్వాత, అవును వదినా, ఆయనే పంపారు అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. కాదంటే తలుపు మూసేస్తుందని భయం. పంపేవాడైతే ఆ మాట కిటికీలోంచి అనొచ్చుగా అంది. రోజూ ఏడుంపావుకి నేను మొక్కలకి నీళ్లు పోసేటప్పుడు కిటికీలో కూర్చుని చూస్తూనే ఉంటాడు కదా, నోరు పడిపోయిందా ఏం అంది. అని నాలుక కరుచుకుంది. నిజంగానే సగం పడిపోయిందని ఆవిడకి అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

కాగితం ఇక్కడే ఉండనీ, చూస్తాను అంది. లేచి వచ్చేశాను. వీధిలో మా షాపు దాటి వెళ్లిపోయి మళ్లీ వెనక్కి వచ్చాను. యాభై ఏళ్లొచ్చి అబద్ధం ఆడితే ఇలాగే ఉంటుంది కాబోలు.

మార్చి 19, బుధవారం, ఉదయం 7.30

తలుపు చాటున నిలబడి చూశాను.

ఏడు పదికి కుర్చీ తనే జరుపుకున్నాడు, కుడి కాలితో తన్ని తన్ని, కిటికీ దాకా. వదిన బకెట్టుతో వచ్చింది. కుండీకో చెంబు. పైకి చూడలేదు. ఈయన కళ్లు తిప్పలేదు. ఆవిడ లోపలికి వెళ్లాక కుర్చీ వెనక్కి జరుపుకుని, అప్పుడే లేచినవాడిలా టీ అడిగాడు.

గాలికోసం కిటికీ దగ్గర కూర్చుంటున్నాడనుకున్నాను ఇన్నాళ్లూ. పై కిటికీలోంచి గోడ దాటి కనిపిస్తుంది. కింద గదిలోంచి గోడ తప్ప ఇంకేం కనిపిస్తుంది? తొందర లేదు తొందర లేదు అంటే బద్ధకమనుకుని తిట్టాను.

టీలో చక్కెర వెయ్యడం మర్చిపోయాను. అలాగే తాగేశాడు.

మార్చి 24, సోమవారం

కాళ్లకి బలపం కట్టుకుని తిరగడం అంటే ఇదే. టోకెన్ పంతొమ్మిది. అప్లికేషన్ తీసుకున్నారు. అభ్యంతరం లేదన్న కాగితం తర్వాత జతచేయొచ్చట. ముందు ఇన్‌స్పెక్షన్. వదిన వైపు నుంచి ఉలుకూ పలుకూ లేదు.

మార్చి 27, గురువారం

ఇన్‌స్పెక్టర్ అంటే బొద్దుమీసాల మనిషి వస్తాడనుకున్నాను. వచ్చింది పాతికేళ్ల అమ్మాయి. భుజాన బ్యాగు, చేతిలో సబ్బుబిళ్లంత మెషీను. నొక్కితే ఎర్ర చుక్క వెళ్లి అవతలి గోడ మీద వాలుతుంది, అంకె ఇవతల కనిపిస్తుంది. టేపు లేదు, సుద్ద లేదు, వంగడం లేదు.

మూడు తొంభై ఐదు అంది.

మూడు ఎనభై ఆరు అన్నాను. మళ్లీ నొక్కింది. మూడు తొంభై ఐదు. ఆ మెషీను తప్పు చెబుతోందమ్మా, నేను ఇరవై రెండేళ్లుగా టైలర్ని అన్నాను. పాపం, మర్యాదగల పిల్ల. వాదించలేదు. బ్యాగులోంచి స్టీలు టేపు తీసి నేల మీద పరిచి, నా మెడలోని టేపు అడిగి తీసుకుని, దాని పక్కనే పెట్టింది. నా నూటయాభై దగ్గర దాని నూటయాభై మూడున్నర ఉంది.

నా టేపు సాగిపోయింది. ఎన్నేళ్ల నుంచో.

నేల చీలితే దిగిపోదునన్నంత సిగ్గేసింది. నాలుగు సెంటీమీటర్లు తక్కువ కాదు, ఐదు ఎక్కువే ఉన్నాయి. వదిన సంతకం అసలు అక్కర్లేదు. ప్లాన్ మీద అంకెలు దిద్దిస్తే చాలంది.

పైనుంచి నవ్వు వినిపించింది. కిటికీలో మా ఆయన. ఒక పక్కకే వచ్చే నవ్వు, అయినా గట్టిగా, ఆగకుండా. ఏడు నెలల్లో ఆ నవ్వు వినలేదు. నా పరువు పోతే పోయింది, ఆ నవ్వు చాలు అనుకున్నాను.

ఇంతలో ఆ పిల్ల ఎర్ర చుక్కని గోడ అంచుదాకా ఎక్కించింది. రెండు మీటర్ల పది అంది. హద్దు గోడ ఒకటిన్నర దాటకూడదు, దీనికి పర్మిషన్ తీసుకున్నారా అంది. నేను పైకి చూశాను. నవ్వు ఆగిపోయింది. కిటికీలో మనిషి లేడు.

గోడ తగ్గిస్తేనే గదికి పర్మిషన్ వస్తుందట. నెల గడువు. లెటర్ పంపిస్తామంది.

మార్చి 28, శుక్రవారం

టేపు గురించే ఆలోచన. ఇన్నేళ్లలో ఒక్కరైనా బిగుతన్నారా, వదులన్నారా? లేదు. అదే టేపుతో ఒంటిని కొలిచి, అదే టేపుతో బట్టని కొలిస్తే తేడా ఎవరికి తెలుస్తుంది? నా దగ్గర బట్టలు కుట్టించుకున్న వాళ్లంతా నా తప్పులోనే చక్కగా ఇమిడిపోయారు.

కొత్త టేపు కొన్నాను. తీరా కత్తెర పట్టుకున్నాక గుర్తొచ్చింది. అరవై స్కూలు యూనిఫాంలు పాత టేపుతో కొలిచి ఉన్నాయి. వాటిని కొత్త టేపుతో కత్తిరిస్తే పిల్లలకి గుండీలు పట్టవు. అవి పూర్తయ్యేదాకా రెండు టేపులూ మెడలోనే.

వదిన దగ్గరికి వెళ్లి కాగితం అక్కర్లేదని చెప్పాలి. రేపు వెళ్తాను.

మార్చి 29, శనివారం

వెళ్లలేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

లెటర్ వచ్చింది. నేను చింపి చదువుతుండగానే షాపు ముందు వదిన నిలబడి ఉంది. చేతిలో అలాంటి కవరే. రెండు కాపీలావిడ పుణ్యమా అని ఒక కాపీ మాకు, ఒకటి హద్దు అవతలివాళ్లకి.

వాడెక్కడ అంది. పైన అన్నాను. నన్ను దాటుకుని మెట్లెక్కింది. మొదటి మలుపు దగ్గర ఆగింది. రెండో మలుపు దగ్గర ఇంకాసేపు ఆగింది. వెనక నేను. మింగలేను, కక్కలేను.

గుమ్మంలో నిలబడే మొదలుపెట్టింది. అప్పుడు నేను లేకుండా కట్టావు, ఇప్పుడు నేను ఉండగానే కూలుస్తానంటున్నావు, మధ్యలో నేనంటూ ఒకదాన్ని ఉన్నానా లేదా అంది. ఆ గోడకి అటువైపు నా షెల్ఫులున్నాయి, నా దండెం ఉంది, పదకొండేళ్లు దానికి అలవాటుపడి చచ్చాను, అదీ నీకు అడ్డమైందా అంది. పెళ్లాన్ని సంతకానికి పంపించావు, గోడ సంగతి మాత్రం ఆఫీసువాళ్లతో చెప్పించావు అంది.

అయిపోయింది, నా అబద్ధం బయటపడింది అనుకున్నాను. ఆయన నావైపు చూశాడు. చాలాసేపు చూసినట్టే అనిపించింది. అవునక్కా, నేనే పంపాను అన్నాడు.

ఆ మాట సరిగ్గా రాలేదు. పెదవి దగ్గర వంకరపోయి, సగం లోపలే ఉండిపోయింది. స్ట్రోక్ తర్వాత వదిన ఆయన గొంతు దగ్గరగా వినడం ఇదే మొదలు. ఆవిడ ముఖంలో కోపం ఎక్కడికి పోయిందో. కవరు చేతిలో నలిపేసింది. నేను కుర్చీ జరిపాను. కూర్చుంది.

అప్పుడు అడిగాడు. ఒక్కో ముక్కా కూడదీసుకుని. అక్కా, గోడ తగ్గించుకోనా?

వదిన చెంగుతో ముఖం తుడుచుకుంది. ఇప్పుడడిగావు, ఆలోచించి చెప్తాను అంది.

ఏప్రిల్ 9, బుధవారం

వదిన వచ్చింది. ఇంకా ఆలోచిస్తున్నానంది. రెండు గంటలు కూర్చుని ఆలోచించింది.

ఏప్రిల్ 11, శుక్రవారం

రోజూ పదింటికి వస్తోంది. వాళ్ల నాన్నని తిట్టుకుంటారు, చిన్నప్పుడు ఎవరు ఎవర్ని కొట్టారో లెక్క తేల్చుకుంటారు, నీళ్లు ఎవరివైపు పారాయో మళ్లీ మొదలుపెడతారు. ఆయనకి మాట తడబడితే ఆవిడ అందించదు. వచ్చేదాకా ఆగుతుంది. నేనైతే అందించేస్తాను. నాదే తప్పని ఫిజియో కూడా ఎప్పుడో చెప్పాడు.

సంతోషమే. కానీ గడువు నడుస్తోంది. వదిన ఊ అంటే కానీ ఈయన గోడ ముట్టుకోడు. గోడ తగ్గితే కానీ పర్మిషన్ రాదు. పర్మిషన్ వస్తే కానీ గది లేదు. గది లేకుండా ఆ కాలు నేల మీద పడదు. ఇది నేను తప్ప ఎవరూ ఆలోచిస్తున్నట్టు లేరు.

ఏప్రిల్ 14, సోమవారం

ఈ రోజు వదిన మెట్ల మలుపులో కూలబడింది. మోకాళ్లు. కాసేపు కూర్చుంటే తగ్గుతుందిలే, వాడికి చెప్పకు అంది. పైన వింటూనే ఉన్నాడు. ఇంట్లో ప్రతి చప్పుడూ వినడమే కదా ఇన్ని నెలలుగా ఆయన పని.

ఆవిడ వెళ్లిపోయింది. తర్వాత, ఆ వెల్డింగ్ కుర్రాళ్లు షాపులో ఉన్నారా అన్నాడు.

ఎందుకన్నాను.

రేపు పొద్దున తొమ్మిదిన్నరకి రమ్మను, కుర్చీ తేలిగ్గా ఉన్నది చూడు అన్నాడు. మలుపు దగ్గర ముందువాడు వెనక్కి తిరగాలి, లేకపోతే గుద్దుతారు, ఎలాగో నేను చెప్తాను అన్నాడు. లిఫ్ట్ బిగించేవాడి గొంతు అది. చాలా రోజులైంది విని.

అక్క మోకాళ్లు బాగాలేవు, తను ఇక ఎక్కలేదు, నేనే దిగుతాను అన్నాడు.

నేను వంటింట్లోకి వెళ్లి పంపు తిప్పి ఏడ్చాను.

ఏప్రిల్ 15, మంగళవారం

దిగాడు. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. చూడనీ అన్నాడు.

పెరట్లో చెప్పు విడిచి ఎడమ పాదం నాచేత మట్టి మీద పెట్టించుకున్నాడు. చల్లగా ఉందో లేదో తెలియట్లేదు, ఉందనుకుంటాను అన్నాడు. నా భుజం పట్టుకుని గోడదాకా నడిచాడు. పదకొండు అడుగులు. పదింటికి వీధిలో వదిన చెప్పుల చప్పుడు మెట్లవైపు మళ్లింది. ఎక్కకక్కా, కిందే ఉన్నాను అని అరిచాడు. అరుపు మాత్రం సూటిగా వచ్చింది.

ఏప్రిల్ 22, మంగళవారం

వదిన ఊ అంది. అయితే ఒకటిన్నర మీటర్లు చాలదట. కూర్చున్నవాడికి అది కూడా ఎత్తేనట. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నేలనుంచి కళ్లదాకా కొలవమంది. కొత్త టేపుతో కొలిచాను. నూటపదిహేడు. గోడ మీటరు చాలంది.

దీనికి ఇంకే ఫారం నింపాలోనని ఆఫీసుకి పరిగెత్తాను. కౌంటర్లో ఆవిడ కళ్లద్దాలు పైకి జరుపుకుని, ఏం అక్కర్లేదమ్మా, వెళ్లండి అంది. గోడ పెంచడానికే పర్మిషన్. తగ్గించడానికి ఎంతవరకైనా అక్కర్లేదట.